తరుగుతున్న మధ్యతరగతి: బొగ్గు గనుల ప్రాంతపు పరిశీలన

మధ్యతరగతి అనే మాటను నిత్యవ్యవహారంలో ఎంత సులభంగా వాడుతామో, శాస్త్రరీత్యా దానిని నిర్వచించడం అంత కష్టం. ఉర్దూలో దీనినే ముతవస్సిత్ తబ్ఖా అంటారు. ఏ భాషలో చెప్పినా ఆ మాటకు నడుమనున్న వర్గమనే అర్థం. కాని దేనికీ దేనికీ నడుమ అన్న ప్రశ్న వచ్చినప్పుడు పండితులు సైతం ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో, మితిమీరిన ధనవంతులూ నిరుపేదలూ కాక నడిమివారు అధికంగా ఉన్న రాజ్యమే నిలకడగా ఉంటుందని అభిప్రాయపడ్డాడు. ఆయన దానిని పాలనాశాస్త్ర విషయంగా చూశాడు. మన కాలపు ఆర్థికవేత్తలు దానిని అంకెలతో కొలవబూనారు.

కొలబద్దలు పలు రకాలు. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం, దేశంలోని నడిమి కుటుంబ ఆదాయానికి మూడింట రెండు వంతులు మొదలు రెండింతల వరకు ఆదాయమున్న వారిని మధ్యతరగతిగా లెక్కిస్తుంది. ఈ లెక్క ప్రకారం అమెరికాలో 1971లో వయోజనులలో నూటికి 61 మంది మధ్యతరగతికి చెందగా, 2021 నాటికి వారు నూటికి 50 మందికి తగ్గారు. మన దేశంలో ప్రైస్ అనే పరిశోధనా సంస్థ ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల రూపాయల వరకు కుటుంబాదాయం గలవారిని మధ్యతరగతి అన్నది. ఆ సంస్థ అంచనా మేరకు 2020–21లో జనాభాలో నూటికి 31 మంది ఈ వర్గంలో ఉన్నారు, ఆ సంఖ్య పెరుగుతూ పోతుంది. ఇక్కడ విద్యార్థికి సందేహం కలగడం సహజం. అక్కడ తరుగుతున్నది ఇక్కడ పెరుగుతున్నదా? అట్లయితే ఈ వ్యాసానికి పెట్టిన పేరే తప్పు కావలెను గదా?

ఈ చిక్కును విడదీయడానికి ఒక చిన్న లెక్క చాలు. దేశంలోని మొత్తం ఆదాయం నూరు రూపాయలనీ, దానిని పంచుకొనేవారు పది మంది అనీ అనుకొందాం. ఫ్రెంచి ఆర్థికవేత్తలు ల్యూకా చాన్సెల్, థామస్ పికెటీల అంచనా ప్రకారం 1982 ప్రాంతంలో మన దేశంలో అగ్రస్థానంలోని ఒక్కడికి సుమారు 30 రూపాయలు, నడిమి నలుగురికి కలిపి 46 రూపాయలు, అడుగున ఉన్న అయిదుగురికి కలిపి 24 రూపాయలు దక్కేవి. వారే మరికొందరితో కలిసి 2024 మార్చిలో ప్రకటించిన అంచనాలో, 2022–23 నాటికి పైవాడి భాగం సుమారు 58 రూపాయలయింది; నడిమి నలుగురి భాగం 27కు దిగింది; అడుగు అయిదుగురికి 15 మిగిలింది. అంటే నడిమి వారిలో ఒక్కొక్కరి వాటా పదకొండున్నర రూపాయల నుంచి ఏడు రూపాయల లోపునకు పడిపోయింది. ఈ అంచనాలు ఆదాయపు పన్ను లెక్కలనూ కుటుంబ సర్వేలనూ జోడించి కట్టినవి. వీటితో ఏకీభవించని ఆర్థికవేత్తలు కూడా ఉన్నారు. ఏది ఏమైనా దిశ విషయంలో పెద్ద వివాదం లేదు.

కనుక 'తరుగుట' అనే క్రియకు రెండు అర్థాలున్నాయని గ్రహించవలెను. మనుషుల సంఖ్య తరగడం ఒకటి, వారికి దక్కే వాటా తరగడం మరొకటి. నూరు రూపాయలే వెయ్యి రూపాయలయినప్పుడు వాటా తగ్గినా చేతికి వచ్చే పైకం పెరగవచ్చును. అందువల్లనే నేడు పల్లెలలో సైతం మోటారు సైకిలు, చేతిఫోను, శీతల పెట్టె కనబడుతున్నాయి. ఇవి చూసి లేమి పోయిందని సంతోషించడంలో తప్పు లేదు. తిండికి వెతుక్కొన్న రోజులను ఎరిగినవారెవరూ దానిని చులకన చేయరు. కాని వాయిదాల మీద కొన్న మోటారు సైకిలు మధ్యతరగతికి గుర్తు కాజాలదు. వచ్చే నెల జీతం తప్పక వస్తుందనే నమ్మకం, జబ్బు చేస్తే ఇల్లు అమ్ముకోనవసరం లేని స్థితి, బిడ్డను కళాశాలలో మూడేళ్లపాటు నిలపగల శక్తి, వార్ధక్యంలో ఇంత ఆధారం – ఈ నాలుగూ కలిసినదే మధ్యతరగతి జీవితమని ఈ వ్యాసకర్త ఉద్దేశం. ఒక్క మాటలో చెప్పవలెనంటే రేపటి మీద భరోసా. ఈ భరోసా ఎక్కడ నుంచి వచ్చింది, ఎక్కడికి పోతున్నది అని తెలుసుకోవడానికి మన శ్రీరాంపూర్ కంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

గోదావరి లోయలో బొగ్గు ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1871లో ఇల్లెందు సమీపాన కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో నెలకొల్పిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలో అధిక భాగం వాటాలను కొన్నది. నేడు 51 శాతం వాటా తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. తవ్వకం ఇల్లెందు నుంచి ఉత్తరంగా పాకుతూ బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, శ్రీరాంపూర్‌లకు చేరింది. ఆర్.కె., ఎస్.ఆర్.పి. అనే అక్షరాలతో మొదలయ్యే గనుల పేర్లు ఈ ఊరి పిల్లలకు అక్షరమాలతో పాటే పరిచయమవుతాయి.

మొదటి తరాల గని కార్మికుడు మధ్యతరగతివాడు కాడు. వెట్టి నుంచో, కరువు నుంచో తప్పించుకొని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన నిరుపేద. తట్టా చెమ్మసు పట్టి బొగ్గు నింపి, టబ్బుల లెక్కన కూలి తీసుకొన్నవాడు. 'బాయి పని' చేసేవానికి పిల్లనివ్వడానికి వెనుకాడిన రోజులు ఉండేవని వృద్ధులు చెబుతారు. ఆ స్థితి దానంతట అది మారలేదు. సంఘాలు ఏర్పడ్డాయి, సమ్మెలు జరిగాయి. ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడని మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు గుర్తు చేయనవసరం లేదు. ఆయన కవిత్వం మాత్రమే చదివి ఈ సంగతి మరచినవారు ఉంటారేమో! 1948లో బొగ్గు గనుల భవిష్యనిధి చట్టం వచ్చింది. 1952లో గనుల చట్టం వచ్చింది. అన్నిటికంటె ముఖ్యమైనది 1975 జనవరి 1 నుంచి అమలైన మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం. దేశంలోని బొగ్గు కార్మికులందరికీ ఒకే పద్ధతి జీతాలు, ధరలతో పాటు పెరిగే కరువు భత్యం దానితో స్థిరపడ్డాయి. 2021 జూలై నుంచి వర్తించే పదకొండవ ఒప్పందం 2023లో కుదిరింది. అందులో 19 శాతం కనీస పెంపుదల లభించింది.

ఈ ఒప్పందం సాధించిన ఫలితాన్ని గట్టిగా గమనించవలెను. బడి మొగం చూడని మనిషి, కేవలం మస్టరు పుస్తకంలో పేరు ఉండడం చేత, క్వార్టరుకూ కంపెనీ ఆసుపత్రికీ జీతపు సెలవులకూ హక్కుదారు అయ్యాడు. అతని కొడుకు ఇంజనీరు కాగలిగాడు. కూతురు టీచరు కాగలిగింది. మధ్యతరగతి చదువు వలన పుడుతుందని మనం అనుకొంటాము. శ్రీరాంపూర్‌లో జరిగినది తలకిందులు. ముందు ఒప్పందం వచ్చింది, దాని వెంట భరోసా వచ్చింది, ఆ తరువాతనే చదువు వచ్చింది.

1990–91లో సింగరేణిలో ఒక లక్షా 16 వేలకు పైగా కార్మికులుండేవారు. ఆ పిమ్మట సంస్థ నష్టాలలో పడి, 1992లో రోగగ్రస్త పరిశ్రమలను విచారించే బి.ఐ.ఎఫ్.ఆర్. ముందుకు వెళ్లింది, కొన్నేళ్లకు మరొకసారి వెళ్లవలసి వచ్చింది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి. తట్టా చెమ్మసు స్థానంలో లోడరు యంత్రాలు దిగాయి. భూగర్భ గనుల పక్కన ఓపెన్‌కాస్టులు వెలిశాయి. నేడు శాశ్వత ఉద్యోగుల సంఖ్య 40 వేల ప్రాంతంలో ఉన్నది.

ఉత్పత్తి సంగతి చూద్దాం. 1990–91లో తీసిన బొగ్గు 1 కోటి 80 లక్షల టన్నులకు కాస్త తక్కువ. 2023–24లో 7 కోట్ల టన్నులు దాటింది. తలకు లెక్క కడితే మొదటిది ఏడాదికి సుమారు 150 టన్నులు, రెండవది సుమారు 1,650 టన్నులు. పదకొండు రెట్లు! యంత్రం చేసిన మేలు ఇందులో చాలా ఉన్నది, కాదనలేము. భూగర్భంలో పైకప్పు కింద వంగి పనిచేసిన మనిషికీ, ఓపెన్‌కాస్టులో యంత్రం నడిపే మనిషికీ పోలికే లేదు. నష్టాల నుంచి సంస్థ బయటపడి లాభాలు పంచే స్థాయికి రావడం కూడ ఈ మార్పు వల్లనే సాధ్యమయింది. అయితే ఈ లెక్కలో ఒక లోపం దాగి ఉన్నది. భాగహారంలో కింద వేసిన సంఖ్య శాశ్వత ఉద్యోగులది మాత్రమే. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టిని తొలగించేది అధిక భాగం ప్రైవేటు కాంట్రాక్టర్ల మనుషులు. బొగ్గు రవాణా చేసే లారీల డ్రైవర్లు, కాలనీలు ఊడ్చేవారు, మొక్కలు నాటేవారు, కాపలా కాసేవారు – వీరు ఎవరూ ఆ భాగహారంలో లేరు. అటువంటివారు సుమారు 25 వేల మంది అని 2024లో ప్రభుత్వమే లెక్క చెప్పింది. వారిని కూడ కలిపి భాగిస్తే 1,650 టన్నులు కాస్తా వెయ్యి టన్నుల దరికి దిగుతుంది. లెక్కలో లేనివాడు జీతంలో ఉంటాడా?

ఇదే ఈ వ్యాసంలోని ముఖ్యాంశం. మన ప్రాంతంలో మధ్యతరగతి తరగడం ఒక ప్రమాదంలాగ జరగలేదు. ఎవరినీ ఇంటికి పంపలేదు, ఎవరి జీతమూ కోయలేదు. 61 ఏళ్లు నిండిన కార్మికునికి పూలదండ వేసి, శాలువా కప్పి, గౌరవంగా సాగనంపారు. అతడు ఖాళీ చేసిన చోటులో అదే హోదాతో మరొకరిని నింపలేదు, అంతే. పని మాత్రం అక్కడనే ఉన్నది. అది కాంట్రాక్టరు చేతికి పోయింది. పడిపోయినవారు కనబడరు కనుక పతనమూ కనబడదు.

చట్టం ఏమి చేసినది? కాంట్రాక్టు శ్రామికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టం 1970లో వచ్చింది. శాశ్వత స్వభావం గల పనులలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. అట్లా నిషేధించినప్పుడు ఆ కార్మికులు దానంతట అసలు యజమాని ఉద్యోగులవుతారా అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు ఒకసారి అవునన్నది. 2001లో ఉక్కు ప్రాధికార సంస్థ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కాదని తేల్చింది. కార్మికుని దృష్టిలో ఆ తీర్పుతో ఒక తలుపు మూతపడింది. 2016లో పంజాబు ప్రభుత్వపు తాత్కాలిక ఉద్యోగుల కేసులో అదే న్యాయస్థానం సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రాన్ని గట్టిగా సమర్థించింది. 1970 చట్టమే 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో విలీనమైంది. కోల్ ఇండియా గనులలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు ఉన్నాయి. అవే తమకూ ఇవ్వవలెనన్నది సింగరేణి కాంట్రాక్టు కార్మికుల ప్రధాన కోరిక. దానికై వారు 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె చేశారు.

రెండు తరగతుల మధ్య దూరాన్ని కొలవడానికి ఏటా ఒక సందర్భం వస్తుంది. అదే లాభాల వాటా. 1999–2000 నుంచి సంస్థ తన లాభాలలో కొంత శాతాన్ని కార్మికులకు పంచుతున్నది. ప్రభుత్వ రంగంలో ఇది మెచ్చదగిన ఆచారం. 2023–24 సంవత్సరానికి 33 శాతంగా సుమారు 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. శాశ్వత ఉద్యోగికి సగటున ఒక లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు సైతం ఆ ఏడు మొట్టమొదటిసారిగా తలకు 5 వేలు ఇచ్చారు. తరువాతి ఏడు వాటా 34 శాతమైంది. సగటు లక్షా 95 వేలు దాటింది, కాంట్రాక్టు కార్మికునికి 5,500 వచ్చింది. ఇచ్చినందుకు ప్రభుత్వాన్ని అభినందించవలసినదే. అంతకుముందు అది కూడ లేదు. అయినా ఒకే గనిలో, ఒకే దుమ్ము పీల్చిన ఇద్దరి మధ్య మొదటి ఏటి నిష్పత్తి ఒకటికి ముప్పది ఎనిమిది. ఇక గుర్తింపు సంఘపు ఎన్నికలు 2023 డిసెంబరు 27న జరిగినప్పుడు ఓటు వేసినవారు శాశ్వత కార్మికులే. బేరమాడే బల్ల వద్ద రెండవవాడికి కుర్చీ లేదు.

శాశ్వత కార్మికుని ఇంటిలో మాత్రం నిశ్చింత ఉన్నదా అంటే అదీ లేదు. అతని చింత తన గురించి కాదు, కొడుకు గురించి. వారసత్వ ఉద్యోగాలు 1990ల చివరలో నిలిచిపోయాయి. 2016లో రాష్ట్ర ప్రభుత్వం వాటిని పునరుద్ధరించగా, పుట్టుకను బట్టి ఉద్యోగమివ్వడం రాజ్యాంగంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధమని హైకోర్టు 2017లో కొట్టివేసింది. తరువాత కారుణ్య నియామకాలనే పేరుతో, అనారోగ్యం వలన పనికి అనర్హులైన వారి పిల్లలకు ఉద్యోగాలిచ్చే పద్ధతి వచ్చింది. హైకోర్టు తర్కాన్ని కాదనడం కష్టం. తండ్రికి మస్టరు నంబరు లేని పిల్లవాడు ఏ పాపం చేశాడు? ఆ ప్రశ్న వేసేవారు మన తరగతి గదులలోనే కూర్చొని ఉన్నారు. కాని ఈ కొత్త పద్ధతిలోని విషాదాన్ని కూడ చూడవలెను. కొత్తగూడెంలో వైద్య మండలి ముందు నిలబడి, తన దేహం చెడిపోయిందని రుజువు చేసుకొంటేనే తండ్రి తన తరగతిని కొడుకుకు అందించగలడు. ఆరోగ్యంగా ఉన్న తండ్రికి ఆ అవకాశం లేదు! మధ్యతరగతిలోకి వెళ్లే దారి ఇంత ఇరుకైనప్పుడు మనుషులు ఏమి అమ్ముకొని ఆ దారి పట్టడానికి సిద్ధపడతారో ఆర్థికశాస్త్ర విద్యార్థి ఆలోచించవలెను.

ఒకే యజమాని మీద ఆధారపడిన జీతగాళ్ల వర్గం ఎంత త్వరగా కరగగలదో ఈ నేలకు ఇదివరకే తెలుసు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. పాలనా భాషగా, ఉస్మానియా బోధనా భాషగా ఉర్దూ స్థానం పోయింది. జాగీర్దారులు పోవడం గురించి విచారించనవసరం లేదు. కాని వారితో పాటు దెబ్బతిన్న వారిలో గుమాస్తాలు, మున్షీలు, సిపాయిలు, ఉర్దూ చదువు మీద బ్రతికిన చిన్న ఉద్యోగులు వేల సంఖ్యలో ఉన్నారు. కెనడా పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లో ఒక ప్రత్యేక వ్యాసంలో హైదరాబాద్ ముస్లిముల ఈ దురవస్థను గ్రంథస్థం చేశాడు. ఆ కుటుంబాలలో అనేకం నెల జీతం నుంచి రోజు సంపాదనకు మారాయి: దర్జీ పని, రిక్షా, చిల్లర వ్యాపారం, మెకానిక్ షెడ్డు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక, దేశంలో పనిచేసే ముస్లిములలో నూటికి 61 మంది స్వయం ఉపాధి మీదనే ఉన్నారని తెలిపింది. స్వయం ఉపాధి అనే మాట వినడానికి గంభీరంగా ఉంటుంది. సెలవు లేదు, పింఛను లేదు, మస్టరు లేదు అని దాని అర్థం.

ఇంతకంటె దగ్గరి ఉదాహరణ కాగజ్‌నగర్. ఊరి పేరే కాగితం మీద నిలిచింది. సిర్పూర్ కాగితపు మిల్లు 2014లో మూతపడినప్పుడు కార్మికులతో పాటు ఊరి బజారు అంతా మూగబోయింది, 2018లో జె.కె. పేపర్ యాజమాన్యంలో అది తిరిగి తెరచుకొనే దాకా నాలుగేళ్లు గడిచాయి. బొగ్గు ఊళ్లలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. మంచిర్యాల బట్టల దుకాణం, నస్పూర్ కిరాణం, హోటలు, ట్యూషను మాస్టరు – వీరందరి రాబడి నెల జీతపు తేదీని పట్టుకొని నడుస్తుంది. శాశ్వత ఉద్యోగి ఒకడు తగ్గితే అతని వెనుక చిన్న వ్యాపారి కూడ కొంత తగ్గుతాడు. ఒక కాంట్రాక్టు కార్మికుడు చేరినంత మాత్రాన ఆ లోటు తీరదు. అతని కూలి తిండికీ అద్దెకూ వడ్డీకీ సరిపోతుంది, బజారుకు మిగలదు.

ఈ విషయమై మన ఊరి లెక్కను మనమే తీయడం మంచిది. కళాశాల కార్యవర్గం అనుమతిస్తే, ద్వితీయ సంవత్సరపు ఆర్థికశాస్త్ర విద్యార్థులు తమ తమ వీధులలో ఇరవై ఇళ్ల చొప్పున పేర్లు వ్రాసుకోకుండ నాలుగు ప్రశ్నలు మాత్రమే అడగవచ్చును. తాత ఏ పని చేశాడు, తండ్రి ఏ పని చేస్తున్నాడు, ఆ పనికి మస్టరు ఉన్నదా లేక కాంట్రాక్టరా, ఇంట్లో జబ్బు చేసిన చివరిసారి డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది. జవాబులను తెలుగులోనూ ఉర్దూలోనూ పట్టికలుగా వేసి గ్రంథాలయంలో ఉంచితే, అయిదేళ్ల తరువాత అవే వీధులలో అవే ప్రశ్నలు మళ్లీ అడగడానికి వీలవుతుంది.